ఔట్ లేని ఆట

శనివారం సాయంత్రంలోగా నేను చెయ్యవలసిన పనులు:

రేవులో ఉన్న విదేశీ ఓడలు ఏయే దేశాలవో కనుక్కోవడం.

ఆ దేశాల జాతీయ క్రీడలేమిటో లైబ్రరీలో చూడడం. దొరక్కపోతే ఓడవాళ్ళనే అడగవచ్చు గాని, ముందు లైబ్రరీ.

ఆటలకు కావలసిన సామాను సంపాదించడం. దొరకనివి చేయించడం.

ఆహ్వానం కార్డులు అచ్చు వేయించడం.

గ్రౌండులో గడ్డి కోయించడం. ఆవులు రాకుండా గేటు దగ్గర మనిషిని పెట్టడం.

డ్రిల్లు మాస్టారు చలమయ్యగారికి కొత్త విజిలు కొనడం. పాతదాన్లో గింజ పోయింది.

కప్పు తోమించడం.

ఇవన్నీ మా వెల్ఫేర్ ఆఫీసరు అచ్యుతరామయ్యగారు కుర్చీలో వెనక్కి వాలి చెబుతూ ఉంటే నేను నిలబడి రాసుకున్నవి. అప్పుడు 1983. విశాఖపట్నం రేవుకు వచ్చే విదేశీ నావికుల కాలక్షేపం కోసం నడిచే ఒక క్లబ్బులో నేను అసిస్టెంటుని. మాది తగరపువలస దగ్గర పల్లె. మా ఇంట్లో బి.ఏ. చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. నా పేరు సన్యాసిరాజు. అందరూ రాజూ అనేవారు.

కిందటేడు క్లబ్బులో ఫుట్‌బాల్ పెడితే రెండు ఓడలవాళ్ళు కొట్టుకున్నారు. ఒకతనికి పన్ను ఊడింది. ఆ పన్ను కోసం గడ్డిలో వెతికింది నేనే. అందుకని ఈ ఏడు ఆఫీసరుగారికి కొత్త ఆలోచన వచ్చింది.

"ఎవరి దేశం ఆట వాళ్ళు ఆడి చూపిస్తారయ్యా. ఇహ తగువు ఎక్కడిది? మనం కూర్చుని చూస్తాం. బాగా ఆడినవాళ్ళకి కప్పు ఇస్తాం."

నాకు ఆ ఆలోచన నచ్చింది. లైబ్రరీకి పోయి పెద్ద పుస్తకాలు దింపించుకుని కూర్చున్నాను. ఒక గంటలో చూసి వచ్చేద్దామనుకున్నవాణ్ణి, తలుపులు మూస్తున్నామని చెప్పేదాకా లేవలేదు. జపానువాళ్ళది సుమో అనే కుస్తీ. లావుగా ఉండడం అక్కడ లోపం కాదు, అర్హత. అఫ్ఘనిస్తాన్‌లో గుర్రాలెక్కి, తల తీసేసిన మేక కళేబరం కోసం పెనుగులాడతారు. ఫిన్లాండులో బంతిని ఎదటివాడి మీదికి కాకుండా నిట్టనిలువుగా పైకి విసురుతారు, అది దిగేటప్పుడు కర్రతో కొడతారు. ఇవన్నీ చదువుతూ ఉంటే, ఒక దేశం మొత్తం కలిసి ఒక ఆటను ఇది నాది అని ఎలా అనుకుంటుంది, ఎవరు ముందు అంటారు, మిగతావాళ్ళు ఎప్పుడు ఒప్పుకుంటారు అని నాకు ఒకటే ఆలోచన.

బంగ్లాదేశ్ పేరు దగ్గర కబడ్డీ అని ఉంది. కబడ్డీ అంటే మన చెడుగుడే. కోతలయ్యాక మా ఊళ్ళో మడిలో ఆడేవాళ్ళం. మోకాళ్ళు చీరుకుపోయి ఇంటికొస్తే మా అమ్మ కాంతం కొట్టీది. అమ్మ కొట్టే ఆట ఒక దేశం జెండా పక్కన నిలబడి ఉంది. ఆ పేజీ నేను రెండుసార్లు చదివాను.

మర్నాడు ఆఫీసరుగారిని అడిగాను.

"మనది హాకీ కదండి?"

"హాకీయే. చిన్నప్పుడు చదువుకోలేదూ?"

"చదివానండి. మా ఊళ్ళో హాకీ కర్ర చూసినవాళ్ళు లేరండి."

"మీ ఊళ్ళో విమానం చూసినవాళ్ళున్నారా? లేరని విమానం లేకుండా పోయిందా? వెళ్ళి ఓడలు చూసిరా."

ఓడల దేశం కనిపెట్టడానికి నాకు ఒక పద్ధతి తోచింది. ఓడ వెనకవైపున జెండా ఉంటుంది. పుస్తకంలోని జెండాలన్నీ రంగు పెన్సిళ్ళతో కాగితం మీద దింపుకుని, సైకిలు మీద రేవంతా తిరిగి పోల్చుకున్నాను. ఉక్కు ఫ్యాక్టరీకి యంత్రాలు తెచ్చిన రష్యా ఓడ ఒకటి. బంగ్లాదేశ్ ఓడ ఒకటి. ఔటర్ హార్బరులో ఇనుపఖనిజం ఎక్కించుకుంటున్న పెద్ద ఓడ ఇంకొకటి. దాని జెండాకి నాలుగు గళ్ళు, రెండు నక్షత్రాలు. పనామా. పుస్తకంలో చూస్తే పనామావాళ్ళకి బేస్‌బాల్ అంటే ప్రాణమని ఉంది.

"ఎవరినీ అడక్కుండానే కనిపెట్టావే," అని ఆఫీసరుగారు మెచ్చుకున్నారు. కార్డులు అచ్చుకి పోయాయి.

రష్యావాళ్ళకి గొరోడ్కీ అని పాత ఆట ఒకటుంది. పొట్టి చెక్క దిమ్మెల్ని బొమ్మలాగా పేర్చి, దూరంనుంచి కర్ర విసిరి పడగొట్టడం. దిమ్మెలకీ, బేస్‌బాల్ బ్యాట్లకీ కలిపి పాతనగరంలో కరీం బాషాగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచం కోళ్ళు, బొంగరాలు చేసేవాడు. నేను గీసి తెచ్చిన బ్యాటు బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేటి బాబూ, ఆంజనేయసామి సేతిలో గదలాగుంది?"

"పనామావాళ్ళు దీంతో బంతిని కొడతారు సాయిబుగారూ."

"కొడితే ఏటవుద్ది?"

"కొట్టి పరిగెడతారు."

"యాడికి?"

"చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే."

"దానికి బంతిని కొట్టడమెందుకు? అక్కడే కూకుంటే పోద్ది కదా." నవ్వి, చెవి మీది పెన్సిలు తీసి బొమ్మని సరిచేశాడు. "సరే, చేస్తాను. ఆడినప్పుడు నాను ఒచ్చి చూడాల. నా సేతి కర్రకి పనికిమాలిన పని సెప్పినారో, మంచి పనే సెప్పినారో తెలాలి కదా."

బ్యాట్లు వచ్చాక, ఆడేవాళ్ళని పిలవడానికి ఓడ మీదికి వెళ్ళాను. మెట్లెక్కేసరికి షర్టంతా ఎర్రధూళి. డెక్కు మీద కొందరు లుంగీలు కట్టుకుని కూర్చుని అన్నం తింటున్నారు. వాళ్ళ పెద్ద లేచి వచ్చాడు. ఓడల్లో కళాసీల పెద్దని మన రేవులో సారంగు అంటారు. అతని పేరు కో ఖిన్. నాకొచ్చిన ఇంగ్లీషులో, అతనికొచ్చిన ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం.

"పనామాలో మీదే ఊరు?" అన్నాను.

అతను వెనక్కి తిరిగి తన భాషలో ఏదో చెప్పాడు. అన్నం తింటున్నవాళ్ళందరూ నవ్వారు. ఒకడికి పొలమారింది.

ఓడ సొంతదారు ఎక్కడో ఇంకో దేశంలో ఉంటాడట. పనామాలో పేరు రాయించుకుంటే పన్ను తక్కువట, జెండా ఇస్తారట. ఓడలో ఉన్నవాళ్ళలో ఒక్కరూ పనామా చూడలేదు. ఓడ కూడా చూసిందో లేదో సారంగుకి తెలీదు. వాళ్ళందరిదీ బర్మా.

నేను చేతిలో ఉన్న జెండాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పని మొదలెట్టాక మధ్యలో వదలకూడదు కాబట్టి, "మరి మీ బర్మా జాతీయ క్రీడ ఏమిటి?" అని అడిగాను.

కో ఖిన్ మొహం మారింది. అన్నం తినేవాళ్ళూ చెయ్యి ఆపారు. అతను ఒక నూనెగుడ్డ ఉండ చుట్టి, పాదం పక్కతో పైకి లేపాడు. అది రెండోవాడి మోకాలి మీద పడి, మూడోవాడి మడమకి తగిలి, మళ్ళీ అతని దగ్గరికి వచ్చింది. దాని పేరు చిన్‌లోన్. ఆరుగురు గుండ్రంగా నిలబడి, పేముతో అల్లిన బోలు బంతిని కింద పడకుండా కాళ్ళతో ఆడతారు. ఒకరు మధ్యలోకి వచ్చి ఆడుతూ ఉంటే మిగతావాళ్ళు అందిస్తారు.

"రెండో జట్టు ఎక్కడ నిలబడుతుంది?"

"రెండో జట్టు లేదు."

"పాయింట్లు ఎలా లెక్క పెడతారు?"

"పెట్టరు."

"ఎవరు గెలిచినట్టు?"

"ఎవరూ గెలవరు."

ఇంగ్లీషులో ఏదో తేడా వచ్చిందనుకుని, అవే ప్రశ్నలు మళ్ళీ మెల్లగా అడిగాను. జవాబులు మారలేదు. శనివారం డ్యూటీ లేనివాళ్ళు ఐదుగురే ఉన్నారని చెప్పాడు. వాళ్ళ బంతి ఎండకి పగిలి ముక్కలైతే దారిలో సముద్రంలో పారేశారు. బంతీ, ఆరోవాడూ దొరికితే తప్పకుండా వస్తామన్నాడు. ఆ మాట చెప్పినతని వెనక ఉన్నవాళ్ళు నా మొహంలోకి చూస్తున్న చూపు వల్ల నాకు ఆ పని ఆఫీసు పనిలా అనిపించడం మానేసింది.

అచ్యుతరామయ్యగారు మొత్తం విన్నారు.

"మనుషులు బర్మావాళ్ళా?"

"అవునండి."

"జెండా?"

"పనామాదేనండి."

"మరింకేం. కార్డులు అచ్చయిపోయాయి. మనం పిలిచింది ఓడని." కాసేపు బల్ల మీద వేళ్ళు కొట్టారు. "నీ మొహం అలా పెట్టకు. బంతి దొరికితే పదినిమిషాలు ఆడుకోమను. బయటివాళ్ళని మాత్రం తేకు. కిందటేడు ఊడిన పన్ను సంగతి గుర్తుంది కదా."

పేముబంతి కోసం కంచరపాలెం వెళ్ళాను. అక్కడ బర్మా క్యాంపు ఉంది. మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాలనించి పూర్వం ఎందరో రంగం పోయారు. రంగూన్‌ని మావాళ్ళు రంగమనే అంటారు. అక్కడ రేవుల్లో, మిల్లుల్లో పనిచేసి, అక్కడి ప్రభుత్వం మారాక అరవైల్లో తిరిగొచ్చిన కుటుంబాలవారు ఈ క్యాంపులో ఉంటున్నారు. బంతి అనగానే ఒకావిడ, "తవిటయ్య కాడుంది. ఇమ్మంటే మాత్రం ఇవ్వడు," అని ఇల్లు చూపించింది.

తవిటయ్యగారు పోర్టులో కళాసీ. యాభై దాటిన మనిషి, బక్కగా, నిటారుగా ఉన్నాడు. ఇంటి దూలానికి వలసంచి వేలాడుతోంది. అందులో బంతి, పాత తేనె రంగులో ఉంది. నేను వచ్చిన పని చెప్పాను.

"ఇవ్వను," అన్నాడు.

అతని భార్య అసిరమ్మ పొయ్యి దగ్గర్నుంచి, "ఇచ్చీరాదా. ఇరవయ్యేళ్ళనించి నా నెత్తిమీదే ఏలాడతంది. పండక్కి నాకు తలంటుకోడానికి నూనుండదు, దానికుంటాది," అంది.

"నువ్వూరుకోయే. బాబూ, బంతి ఒక్కటే రాదు. నాను ఆడితే అదొస్తాది."

"ఆడేది బర్మావాళ్ళండి."

"నాను పుట్టిందెక్కడనుకున్నావ్? మా అయ్యది పలాసకాడ. నాను రంగంలోనే పుట్టినాను. అక్కడ రోడ్డెక్కితే కలా అనీవోరు. అంటే పైదేశంనించి ఒచ్చినోడని. ఇక్కడికొచ్చినాక రంగపోడన్నారు." వలసంచి దింపి బంతిని చేతిలోకి తీసుకున్నాడు. "ఆటలోకి దిగినాక మాత్రం ఎవులూ ఏటీ అన్నేదు. బంతి నా కాడికొచ్చీది, నా కాడనించి ఎల్లీది."

"ఎప్పుడు ఆడారు ఆఖరిసారి?"

"ఓడెక్కే ముందు రోజు. ఇక్కడ ఎవులున్నారు ఆడ్డానికి? ఒక్కడూ తన్నుకుంటే అది ఆటేటి? ఈదిలో కుర్రోళ్ళకి నేర్పదామని సూసినాను. గెలుపే నేని ఆటెందుకు మాఁవా అని వాలీబాల్ కాడికి పోనారు. మేదరోళ్ళ సేత బంతి అల్లించినాను. ఆల్లు బుట్ట అల్లినారు, మూతొకటే తక్కువ."

"మెట్టెక్కాలంటే మోకాలు పట్టుకుంతాడు," అంది అసిరమ్మ. "ఈ మనిసి గెంతుతాడట. పడితే ఎత్తుకొచ్చీది నానేగదా."

"పడితే పడతాను. ఒక్కసారి ఆరుగురూ నిలబడాల. అంతే బాబూ. నాకింకేటీ వద్దు."

బయటివాళ్ళని తేవద్దని మా ఆఫీసరు చెప్పిన మాట దాచకుండా చెప్పాను. అతను బంతిని వలసంచిలో పెట్టి, మళ్ళీ దూలానికి కట్టేశాడు. ముడి రెండుసార్లు వేశాడు.

నాకు రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. పొద్దున్నే ఆఫీసరుగారి ఇంటికే వెళ్ళాను. ఆయన తులసికోట దగ్గర నీళ్ళు పోస్తున్నారు.

"ఐదుగురే ఉన్నారండి. ఆరోమనిషి కావాలి. ఉన్నాడండి, కాని ఓడవాడు కాదు."

"ఎవరు?"

"మన పోర్టు కళాసీ అండి. తవిటయ్య."

ఆయన చెంబు కింద పెట్టారు. "పోర్టు కళాసీ అయితే బయటివాడెలా అవుతాడయ్యా? తీసుకురా. ఏదైనా జరిగితే మాత్రం నీదే పూచీ."

నేను సరేనన్నాను. ఇంత సులువుగా తేలిపోతుందని తెలిస్తే రాత్రి నిద్రపోయేవాణ్ణి.

శనివారం గ్రౌండు చుట్టూ తాడు కట్టాం. గాజువాకనించి కూడా జనం వచ్చారు. రష్యావాళ్ళు కరీం బాషాగారి దిమ్మెలు పేర్చి కర్ర విసిరితే, మన జనం బిళ్ళంగోడు చూసినట్టు చూసి ఈలలు వేశారు. దిమ్మె ఎగిరి పడ్డప్పుడల్లా సాయిబుగారు పక్కవాడితో, "మామిడిచెక్క," అని చెబుతున్నాడు. తరవాత బంగ్లాదేశ్‌వాళ్ళు, మన కళాసీలు కబడ్డీకి దిగారు. వాళ్ళు హాడుడు అని కూత పెడితే, మనవాళ్ళు చెడుగుడు అని పెట్టారు. మనవాడొకడు కూతకొచ్చినవాడి చేతికి తగిలిపోయి, "నీ కూత నాకర్థం కానేదురా, సెల్లదు," అంటే, అవతలివాడు బెంగాలీలో అదే అన్నట్టున్నాడు. ఇద్దరూ నవ్వుకుని లేచారు. చలమయ్యగారి కొత్త విజిలు బాగా మోగింది.

అంతలో ఓడ ఏజెంటు కబురు పంపాడు. ఖనిజం ఎక్కించడం ముందే అయిపోయింది. పనామా ఓడ చీకటిపడే లోపల కదులుతుంది, జీపు వస్తోంది, ఎక్కువసేపు వీలుపడదు.

ఆ ఐదుగురూ లుంగీలు పైకి దోపి, చెప్పులు విడిచి దిగారు. తవిటయ్యగారు పంచె ఎగ్గట్టి, బంతి రెండు చేతులా పట్టుకుని తాడు దాటి వచ్చాడు. కో ఖిన్‌కి బంతి అందిస్తూ ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి బర్మా భాషలో ఒక వాక్యం అన్నాడు. కుర్రవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళ తాతలు మాట్లాడే భాషలా ఉందని కో ఖిన్ నాకు చెప్పాడు. అక్కణ్ణించి వాళ్ళు ఆయన్ని 'ఊ తవీ' అని పిలిచారు. పెద్దవాళ్ళ పేరుకి ముందు ఊ అని పెట్టడం వాళ్ళ మర్యాద.

"నా గదలేవి బాబూ?" అని కరీం బాషాగారు తాడు దగ్గర్నుంచి అడిగాడు.

"వీళ్ళకి కర్రలు అక్కర్లేదు సాయిబుగారూ."

"మంచిదే. ఎవులికీ దెబ్బలు తగల్వు."

ఆట మొదలైంది. పేముబంతి పాదానికి సరిగ్గా తగిలితే టక్కుమని ఎండు చప్పుడు. పక్కకి తగిలితే చప్పుడు మొద్దుగా ఉంటుంది. కాసేపటికి చూడకుండానే తేడా తెలిసింది. బంతి తవిటయ్యగారి దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు ఆయన దాన్ని పాదం లోపలివైపుతో, దీపం అందించినంత మెల్లగా పక్కవాడికి పంపాడు. టక్కుమంది. జనంలో అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎవులు గెలుస్తన్నారు?" అని ఎవరో అడుగుతున్నారు.

"బొట్టు పెట్టుకున్నాయన ఏ పార్టీ?"

కో ఖిన్ చెయ్యి చాచి తవిటయ్యగారిని మధ్యలోకి పిలిచాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ పిలిచాడు. వెళ్ళాడు. మధ్యలో నిలబడి తిరుగుతూ, ఒకసారి మోకాలితో, ఒకసారి మడమతో వీపు వెనకనించి ఆడాడు. మూడోసారి ఎడం మోకాలు ఒరిగిపోయింది. బంతి గడ్డిలో పడింది.

విజిలు మోగింది. చలమయ్యగారు వేలెత్తి తాడు చూపించారు.

"ఔట్."

జనం కూడా ఔటన్నారు. కింద పడింది కదా, అందరికీ అది సబబుగానే తోచింది. కళాసీకి విజిలంటే విజిలే. రేవులో విజిలు మోగాక చెయ్యి ఆపకపోతే మనుషులు పోతారు. తవిటయ్యగారు ఎందుకని అడగలేదు. తల వంచుకుని వెళ్ళి తాడు అవతల, జనంలో నిలబడ్డాడు.

కో ఖిన్ బంతి తీసుకున్నాడు గాని ఆడలేదు. ఐదుగురూ ఎక్కడివాళ్ళక్కడే నిలబడ్డారు. మధ్య ఖాళీగా ఉంది.

"ప్లే," అన్నారు చలమయ్యగారు.

వాళ్ళు కదల్లేదు. నేను పరిగెత్తుకెళ్ళాను.

"మాస్టారూ, ఈ ఆటలో ఔట్ లేదండి. కింద పడితే తీసి మళ్ళీ మొదలెడతారు."

"ఔట్ లేని ఆటేమిటయ్యా? పడినా ఉండొచ్చంటే, పడకుండా ఆడినదానికి విలువేముంది?"

ఆయన కోపంగా అడగలేదు. నిజంగానే అడిగారు. ఎన్నో ఏళ్ళు పిల్లలచేత ఆటలాడించిన మనిషి.

"నాకూ తెలీదండి. కాని వాళ్ళు ఆపేశారు కదండి."

గేటు దగ్గర జీపు హారన్ వినపడింది. నేను తాడు దగ్గరికి వెళ్ళి, "రండి తవిటయ్యగారూ, తప్పులేదట," అన్నాను.

"విజిలేసినారు కదా బాబూ."

"నేను చెబుతున్నాను కదండి."

"విజిలేసినోరు సెప్పాల." ఆయన కదల్లేదు. వెనక్కి చూస్తే చలమయ్యగారు ఆఫీసరుగారి వంక చూస్తున్నారు. ఆఫీసరుగారు జీపు వంక చూస్తున్నారు.

అప్పుడు కో ఖిన్ బంతి పట్టుకుని నడిచి వచ్చాడు. వెనకే మిగతా నలుగురూ. తాడు కిందనించి వంగి ఇటు వచ్చారు. జనాన్ని చేతులతో మెల్లగా వెనక్కి జరిపారు. తవిటయ్యగారు నిలబడ్డ చోట నిలబడే ఉన్నాడు. ఆయన చుట్టూ ఐదుగురూ గుండ్రంగా నిలబడి, బంతి వేశారు.

అలా ఆడిన ఆట నేను దగ్గర్నుంచి చూశాను. ఆయన ఎడంకాలు మీద నిలబడలేకపోతే బంతిని ఆయన మోకాలి ఎత్తుకి తెచ్చారు. పక్కకి పోయిన బంతిని ఒకడు నేలకి చేరకుండా మడమతో ఎత్తాడు, ఇంకొకడు దాన్ని నెమ్మదింపజేశాడు, మూడోవాడు ఆయన పాదానికి అందేటట్టు పంపాడు. మధ్యలో ఉన్న మనిషి చేత తప్పు చేయించడం మేము ఎరిగిన ఆటలన్నిటిలో ఎదటివాళ్ళ పని. ఇక్కడ ఐదుగురూ ఆయన చేత తప్పు జరగకుండా పరిగెడుతున్నారు. అయినా బంతి పడింది. ఆయన వంగి తీసి, మోకాలు రుద్దుకుని, నవ్వి మళ్ళీ వేశాడు. చలమయ్యగారు అక్కడికే వచ్చారు. విజిలు నోట్లోనే ఉంది. ఊదలేదు. అచ్యుతరామయ్యగారు ఆట కనపడక కుర్చీ ఎక్కారు.

"ఎవులు గెలుస్తన్నారు?" అన్నవాణ్ణి అసిరమ్మ, "నోరుమూసుకుని సూడు," అంది.

జీపువాడు హారన్ ఆపకుండా కొట్టేదాకా ఆడారు. చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తేటప్పుడు కో ఖిన్ బంతి తిరిగి ఇవ్వబోయాడు. తవిటయ్యగారు పుచ్చుకోలేదు. ఏదో చెప్పాడు.

"ఏమన్నారు?" అని తరవాత అడిగాను.

"మీరు ఐదుగురున్నారు, ఓడలో ఇంకొకడు దొరుకుతాడు అన్నాను. నా కాడుంటే దూలానికే గదా."

కప్పు బంగ్లాదేశ్‌వాళ్ళకి ఇచ్చారు. ఎవరికో ఒకరికి ఇవ్వాలి కాబట్టి. తవిటయ్యగారు కుంటుకుంటూ ఇంటికి వెళ్ళారు. అసిరమ్మ ఎత్తుకెళ్ళవలసిన అవసరం రాలేదు, తిడుతూ పక్కన నడిచింది. వారం రోజులు ఆయన డ్యూటీకి సెలవు పెట్టారు. నేను చూడ్డానికి వెళ్తే మోకాలికి ఆవిరిగుడ్డ వేసుకుని కూర్చున్నారు. నొప్పి ఎలా ఉందంటే, ఆ కుర్రవాళ్ళలో ఎడంచేతివైపు నిలబడ్డవాడు మంచి ఆటగాడని చెప్పారు.

ఇది జరిగి ఆరేళ్ళవుతోంది. తవిటయ్యగారు కిందటి వానాకాలంలో పోయారు. చిన్‌లోన్ అనే మాట ఏ పుస్తకంలోనైనా మీకు తగిలితే, అది బర్మా దేశపు జాతీయ క్రీడ అని రాసి ఉంటుంది. అది నిజమే, అలాగే చదవండి. చదివినప్పుడు మాత్రం కంచరపాలెం కళాసీ తవిటయ్యగారిని కూడా ఒకసారి తలుచుకోండి. ఆయన పేరు ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. నేను చూశాను.